ఊపిరాడని ఇంజిన్, ఆగని ఆయిల్ చుక్క

పొద్దున్నే బండి బయటికి తీస్తే, రాత్రంతా ఇంజిన్ ఉన్న చోట నేల మీద రూపాయి బిళ్లంత నల్లటి మరక. పాత మారుతి 800 ఉన్న ఇళ్లలో ఈ మరక కొత్తేమీ కాదు. షెడ్డుకి తీసుకెళ్తారు. మెకానిక్ వంగి చూసి ఛాంబరు ప్యాకింగ్ పోయిందంటాడు, కొత్తది వేస్తాడు. నెల తిరక్కుండానే మరక మళ్లీ పడుతుంది. ఈసారి ఆయిల్ సీలు పోయిందంటాడు. అదీ మారుస్తారు. కొన్నాళ్లు బాగానే ఉండి, మళ్లీ మొదలవుతుంది. చివరికి పాత బండి అన్నాక ఇంతేలే అని యజమాని సర్దుకుపోతాడు.

ఇందులో రెండు చిక్కుముడులున్నాయి. ఇంజిన్ తిరుగుతున్నప్పుడే కదా లోపల ఆయిల్ ఒత్తిడితో పరుగెత్తేది, మరి చుక్క మాత్రం బండి ఆపాక తీరిగ్గా ఎందుకు పడుతుంది? ఇది మొదటిది. కొత్త ప్యాకింగ్, కొత్త సీలు వేశాక కూడా లీకు ఎందుకు తిరిగొస్తుంది? ఇది రెండోది. మొదటి ముడి విప్పితే లీకు ఎక్కడుందో దొరుకుతుంది. రెండోది విప్పితే అది మళ్లీ రాకుండా ఉంటుంది. ఈ రెండో ప్రశ్న దాకా వెళ్లకుండానే చాలా బండ్లు షెడ్డు నుంచి ఇంటికి వచ్చేస్తున్నాయి.

మారుతి 800 మొదట రోడ్డెక్కింది 1983 డిసెంబరులో. తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. బిఎస్-4 కాలుష్య నిబంధనలు ముందుగా అమలైన 13 నగరాల్లో హైదరాబాద్ ఒకటి కాబట్టి అక్కడ 2010 ఏప్రిల్ నుంచే దాని అమ్మకం నిలిచిపోయింది. ఇవాళ మన రోడ్ల మీద కనిపించే 800 ఏదైనా పదేళ్లు దాటినదే. దాని 796 సిసి ఇంజిన్‌లోని ఇనుము, అల్యూమినియం సరైన పోషణ ఉంటే ఇంకా ఎన్నో ఏళ్లు నిలుస్తాయి. వాటి మధ్య కూర్చున్న రబ్బరుకి అంత ఆయుష్షు లేదు.

ఒత్తిడి ఉన్న చోటు, ఒత్తిడి ఉండకూడని చోటు

ఇంజిన్ అడుగున ఉండే రేకు తొట్టినే మెకానిక్‌లు ఛాంబరు అంటారు. 800లో దాదాపు మూడు లీటర్ల ఆయిల్ అక్కడ నిలవ ఉంటుంది. పంపు దాన్ని పీల్చి ఫిల్టరు గుండా తోస్తుంది. అక్కడి నుంచి ఇంజిన్ గోడల్లో తొలిచిన సన్నటి దారుల్లో క్రాంకు బేరింగులకు, పైన హెడ్డులో ఉన్న కామ్ షాఫ్టుకు చేరుతుంది. బండి వేగంగా పోతున్నప్పుడు ఈ దారుల్లో ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు మూడు, నాలుగు కిలోలు ఉండొచ్చు. బేరింగు అంచుల్లోంచి బయటపడిన మరుక్షణం ఆ ఒత్తిడి పోతుంది. ఆ తర్వాత ఆయిల్ తుంపరగా చిమ్ముతూ, గోడల వెంట జారుతూ, తన బరువుతో తానే ఛాంబరులోకి దిగుతుంది.

కాబట్టి లీకులు రెండు రకాలు. ఒత్తిడి ఉన్న దారిలో బయటికి తెరుచుకునే చోట్లు కొన్నే: ఫిల్టరు, ఆయిల్ ప్రెషర్ స్విచ్, దారుల చివర బిగించిన ప్లగ్గులు. ఇక్కడ గట్టిగా లీకైతే ఇంజిన్ తిరిగినంతసేపూ ఆయిల్ చిమ్ముతుంది, కొన్ని నిమిషాల్లో ఛాంబరు ఖాళీ అయినా కావచ్చు. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది. వెంటనే ఇంజిన్ ఆపాలి, మరో కిలోమీటరు కూడా నడపకూడదు.

రెండో రకం చోట్లే ఎక్కువ. హెడ్డు మీద మూతలా ఉండే టాపెట్ కవరు, కామ్ సీలు, క్రాంకు ముందు సీలు, వెనక సీలు, ఛాంబరు ప్యాకింగ్, కార్బొరేటర్ మోడళ్లలో డిస్ట్రిబ్యూటర్ కూర్చునే చోటి ఓ-రింగు. వీటి వెనక ఆయిల్ ఉంటుంది కానీ పంపు ఒత్తిడి ఉండదు. అసలు అక్కడ ఏ ఒత్తిడీ ఉండకూడదు. పాత కార్లలో మనం చూసే లీకుల్లో అధిక భాగం ఈ చోట్లవే, వాటిలో చాలావాటికి కారణం అక్కడ లేనిపోని ఒత్తిడి పుట్టడమే. దాని సంగతికి కాసేపట్లో వద్దాం.

చుక్క పడేదొకచోట, కారేదొకచోట

నీటికంటే ఆయిల్‌కి తలతన్యత సగం కూడా ఉండదు. నీరైతే బొట్టుగా నిలిచే లోహం మీద ఆయిల్ పల్చటి పొరగా పరుచుకుంటూ పోతుంది. పైగా వేడికి పల్చబడుతుంది. 20డబ్ల్యూ-50 రకం ఆయిల్ 40 డిగ్రీల దగ్గర ఎంత చిక్కగా ఉంటుందో, 100 డిగ్రీల దగ్గర అందులో ఎనిమిదో తొమ్మిదో వంతు చిక్కదనమే మిగులుతుంది. బండి పరుగెడుతున్నప్పుడు కింది నుంచి వచ్చే గాలి ఆ పొరను వెనక్కి, పక్కలకి తోస్తుంది. దానికి దుమ్ము అంటుకుంటుంది. ఇలా ప్రయాణంలో బయటికొచ్చిన ఆయిల్ ఇంజిన్ ఒంటి నిండా పట్టుకుని ఉంటుంది.

బండి ఆపగానే గాలి ఆగిపోతుంది, ఇంజిన్ ఇంకా వేడిగానే ఉంటుంది. ఒంటికి పట్టిన పల్చటి ఆయిల్ మెల్లగా కిందికి జారి, అన్నిటికంటే కిందున్న అంచు దగ్గర చేరి, చుక్కయి పడుతుంది. రాత్రి మనం చూసే చుక్క సాయంత్రపు ప్రయాణంలో ఎప్పుడో బయటికొచ్చిన ఆయిల్. ఆ కింది అంచు చాలాసార్లు డ్రెయిన్ బోల్టు, లేదా ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోటు. టాపెట్ కవరు వెనక మూల నుంచి కారిన ఆయిల్ బ్లాకు గోడ మీదుగా దిగి, ఛాంబరు అంచు పట్టుకుని నడిచి, డ్రెయిన్ బోల్టుకు వేలాడుతుంది. కింద పడుకుని చూసిన మనిషికి డ్రెయిన్ బోల్టే దోషిగా కనిపిస్తుంది. ఛాంబరు ప్యాకింగ్ మార్చినా లీకు ఆగకపోవడానికి అన్నిటికంటే మామూలు కారణం ఇది. ఆ ప్యాకింగ్ తప్పేమీ ఉండదు.

మరక సైజును చూసి భయపడనూ కూడదు, ధైర్యపడనూ కూడదు. సిమెంటు నేల మీద ఒక్క చుక్క చాలా వెడల్పుగా పాకుతుంది. అదే సమయంలో నిమిషానికొక చుక్క చొప్పున ఆగకుండా పడితే రోజుకి 1440 చుక్కలు, అంటే సుమారు 50 నుంచి 70 మిల్లీలీటర్లు. నమ్మదగిన లెక్క డిప్‌స్టిక్ చెబుతుంది. చాలా కార్లలో దాని కింది గీతకీ పై గీతకీ మధ్య తేడా ఒక లీటరు అటూ ఇటూ. చదునైన నేల మీద, ఇంజిన్ చల్లారాక, వారానికోసారి చూసి రాసుకుంటే నేల మీది మరక చెప్పని నిజం బయటపడుతుంది. నేల మీద మరక లేకుండా, ఇంజిన్ ఒళ్లు కూడా పొడిగా ఉండి ఆయిల్ తగ్గుతుంటే అది లీకు కాదు. ఇంజిన్ ఆయిల్ తింటోంది, పొగ గొట్టంలో నీలం పొగ ఉందేమో చూడాలి.

———

బాక్స్: అది ఇంజిన్ ఆయిలేనా?

రాత్రి బండి కింద తెల్లటి అట్ట పరిచి ఉంచండి. పొద్దున దాని మీద పడింది గోధుమ రంగులోనో నలుపులోనో ఉండి, వేళ్ల మధ్య జారుతుంటే ఇంజిన్ ఆయిల్. బంగారు రంగులో చిక్కగా ఉండి గంధకం ఘాటు కొడితే గేర్ ఆయిల్. ఎర్రగా ఉంటే పవర్ స్టీరింగ్ ఆయిలో, ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిలో. ఆకుపచ్చగానో గులాబీ రంగులోనో పడి, నీళ్లలా పాకితే రేడియేటర్ కూలెంట్. రంగు లేకుండా, చక్రాల దగ్గరో పెడళ్ల కిందో జారుడుగా ఉంటే బ్రేక్ ఆయిల్ అయ్యుండొచ్చు, అప్పుడు బండి కదపకుండా ముందు దాని సంగతి చూడాలి. ఉత్త నీళ్లయితే ఏసీవి, కంగారు అక్కర్లేదు.

అట్ట మీద చక్రాల చోట్లు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుంటే చుక్క ఇంజిన్‌లో ఏ వైపు నుంచి పడుతోందో కూడా తెలుస్తుంది.

———

రబ్బరు ఎలా ముసలిదవుతుంది

ప్యాకింగ్ పని వినడానికి సులువు. రెండు లోహపు అంచులు ఎంత నునుపుగా కనిపించినా వాటి మధ్య సన్నటి గీతలు, గుంటలు ఉంటాయి. మెత్తటి పదార్థాన్ని మధ్యలో పెట్టి నొక్కితే అది ఆ గుంటల్లోకి దిగి దారి మూసేస్తుంది. మూసి ఉంచేది దాని పొంగే గుణం. నొక్కిన రబ్బరు ఎప్పుడూ తిరిగి పైకి లేవాలని చూస్తుంటుంది కాబట్టే రెండు అంచులనూ వదలకుండా పట్టుకుంటుంది.

వేడి ఈ గుణాన్ని కొంచెం కొంచెంగా తినేస్తుంది. రబ్బరు అణువులు పొడవాటి గొలుసులు. తయారీలో వాటిని అక్కడక్కడా ఒకదానితో ఒకటి ముడివేస్తారు. ఏళ్ల తరబడి వేడి, గాలి, ఆయిల్ తగిలేకొద్దీ కొత్త ముడులు పడుతూనే ఉంటాయి, మెత్తదనం ఇచ్చే నూనెలు బయటికి పోతుంటాయి. చివరికి రబ్బరు నొక్కిన ఆకారంలోనే గట్టిపడిపోతుంది. పాత టాపెట్ కవరు ప్యాకింగ్ తీసి వంచితే పుటుక్కున విరగడం ఇందుకే. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ గట్టిపడే వేగం దాదాపు రెట్టింపవుతుందని ఇంజనీర్లు పైపైన వేసుకునే లెక్క. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం బండి ఆపితే, ఫ్యాను, కూలెంటు ఆగిపోయిన ఇంజిన్ పైభాగం కాసేపటి దాకా ఇంకా వేడెక్కుతూనే ఉంటుంది. ప్యాకింగ్ మీద ఆ వేడి దెబ్బ ప్రతి ప్రయాణానికీ పడుతుంది.

కదలని అంచుల మధ్య ఉండే ప్యాకింగ్ సంగతి ఇది. తిరిగే షాఫ్టు చుట్టూ ఉండే ఆయిల్ సీలు పని దీనికంటే ఎన్నో రెట్లు కష్టం, ఎన్నో రెట్లు అందమైనది కూడా. క్రాంకు వెనక సీలు కూర్చునే చోట షాఫ్టు వ్యాసం ఏడు సెంటీమీటర్లు అనుకుందాం. నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఆ లోహం రబ్బరు అంచు కింద నుంచి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో జారిపోతుంటుంది. పొడి రబ్బరైతే కొద్దిసేపట్లో మాడిపోవాలి. ఏళ్ల తరబడి ఎలా నిలుస్తోంది?

సీలు అంచు షాఫ్టును నేరుగా తాకదు. రెండింటి మధ్య మిల్లీమీటరులో వెయ్యో వంతు మందం అటూ ఇటూగా ఆయిల్ పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఈ సంగతిని 1957లో ఇ.టి. జాగర్ తన ప్రయోగాలతో చూపించారు. మరి ఆయిల్ పొర అక్కడే ఉంటే అది బయటికి ఎందుకు కారదు? ఆ తర్వాతి దశాబ్దాల పరిశోధన జవాబిచ్చింది. సీలు అంచు రెండు వైపులా ఒకే వాలుతో ఉండదు. ఆయిల్ వైపు నిటారుగా, గాలి వైపు ఏటవాలుగా ఉంటుంది. లోపల చుట్టిన సన్నటి స్ప్రింగు ఆ అంచు కొస కంటే కొద్దిగా గాలి వైపున కూర్చుని దాన్ని నొక్కుతుంది. కొత్త సీలు కొన్నాళ్లు తిరిగాక అంచు మీద కంటికి కనిపించని గరుకుదనం ఏర్పడుతుంది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గరుకు గీతలు కాస్త వంకర తిరిగి, బయటికి రాబోయిన ఆయిల్‌ను తిరిగి లోపలికి తోస్తాయి. ఆయిల్ సీలు మూత పని చేస్తూనే పంపు పని కూడా చేస్తోందన్నమాట. సీలును తిప్పి బిగిస్తే ఆయిల్‌ను బయటికి తోడిపోయడానికి కారణం కూడా ఇదే.

ఈ పంపుకు రెండు షరతులున్నాయి. అంచు మెత్తగా ఉండాలి. వెనక నుంచి ఆయిల్‌ను ఎవరూ నెట్టకూడదు.

అసలు కారణం: ఇంజిన్ ఊపిరి

పిస్టన్ మీద పెట్రోలు మండినప్పుడు పుట్టే వాయువుల్లో కొంత భాగం రింగుల పక్కనుంచి జారి కింద క్రాంకు ఉన్న గదిలోకి దిగుతుంది. కొత్త ఇంజిన్‌లోనూ ఇది తప్పదు. రింగు రెండు కొసల మధ్య మిల్లీమీటరులో నాలుగో వంతు అటూ ఇటూగా సందు ఉంటుంది, వేడికి సాగడానికి అది అవసరం. రింగులు, బోరు అరిగేకొద్దీ జారే వాయువు పెరుగుతుంది. అది బయటికి పోకపోతే క్రాంకు గదిలో ఒత్తిడి పేరుకుంటుంది.

అందుకే ప్రతి ఇంజిన్‌కీ బ్రీదర్ పైపు ఉంటుంది. ఒకప్పుడు ఆ పైపు వాయువులను నేరుగా రోడ్డు మీదికి వదిలేసేది. లాస్ ఏంజిలిస్ పొగమంచు మీద జరిగిన పరిశోధనల తర్వాత కాలిఫోర్నియా రాష్ట్రం 1961లో ఈ వాయువులను తిరిగి ఇంజిన్‌లోకే పంపి మండించే ఏర్పాటును తప్పనిసరి చేసింది. పిసివి అనే చిన్న వాల్వు ఆ పని చేస్తుంది. కాలుష్యాన్ని తగ్గించడానికి కార్లకు అమర్చిన మొదటి పరికరాల్లో ఇదొకటి. ఇన్‌టేక్ మానిఫోల్డులో ఉండే పీల్పు క్రాంకు గదిలోని వాయువులను లాగేస్తుంది కాబట్టి లోపల ఒత్తిడి లేకుండా ఉంటుంది, కాస్త పీల్పు కూడా ఉంటుంది.

ఇప్పుడు వంటింట్లో ప్రెషర్ కుక్కర్‌ని తలుచుకోండి. వెయిట్ కింది రంధ్రంలో పప్పు అడ్డం పడితే ఆవిరి ఏం చేస్తుంది? గ్యాస్కెట్ పక్క నుంచి బుస్సుమంటూ తప్పించుకుంటుంది. ఆ గ్యాస్కెట్ తీసేసి కొత్తది వేస్తే, పాత దానికంటే మెత్తగా ఉంటుంది కాబట్టి కాసేపు ఆపుతుంది, తర్వాత అదీ వదిలేస్తుంది. వంట చేసే ఎవరైనా ముందు వెయిట్ రంధ్రాన్నే పొడిచి చూస్తారు. ఇంజిన్‌లో ఆ రంధ్రం బ్రీదర్ పైపు, గ్యాస్కెట్ టాపెట్ కవరు ప్యాకింగూ సీళ్లూ. బ్రీదర్ మూసుకుపోయిన ఇంజిన్‌కి ఎన్ని ప్యాకింగులు వేసినా, వాటిలో బలహీనమైనది ఏదో ఒకటి దారి ఇస్తూనే ఉంటుంది. ఒకటి మార్చగానే లీకు ఇంకో చోటికి మారడం దీనికి బలమైన గుర్తు.

క్రాంకు గదిలో పేరుకునే ఒత్తిడి చూడటానికి చాలా తక్కువ. చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు అనుకుందాం. టాపెట్ కవరు విస్తీర్ణం 400 చదరపు సెంటీమీటర్లయితే దాన్ని పైకి నెట్టే బలం 20 కిలోలు. దాదాపు ఒత్తిడే లేని చోట పనిచెయ్యడానికి తయారైన సీలు అంచును ఇదే ఒత్తిడి షాఫ్టుకేసి అదనంగా నొక్కుతుంది. అంచు వేడెక్కి గట్టిపడుతుంది, షాఫ్టు మీద గాడి పడుతుంది, ఆయిల్‌ను వెనక్కి తోసే ఆ చిన్న పంపు ఓడిపోతుంది.

బ్రీదర్ మూసుకుపోవడానికి ఎక్కువగా మన నడిపే తీరే కారణం. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. రింగుల పక్క నుంచి దిగే వాయువుల్లో ఆ ఆవిరి కొంత ఉంటుంది. దూర ప్రయాణం చేస్తే ఇంజిన్ బాగా వేడెక్కి ఆవిరిని బయటికి పంపేస్తుంది. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరల మార్కెట్‌కి మాత్రమే తిరిగే బండిలో అది లోపలే చల్లబడి, ఆయిల్‌తో కలిసి, మసితో కలిసి జిగట మడ్డి అవుతుంది. ఆయిల్ పోసే మూత అడుగున పసుపు రంగు నురగ కనిపించేది ఇలాంటి బండ్లలోనే. అదే మడ్డి బ్రీదర్ పైపులోనూ పిసివి వాల్వులోనూ గడ్డకడుతుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేసే బండ్లలో ఇంకా త్వరగా. కారు ఎక్కువ తిరగలేదని మురిసిపోయే యజమానులకు ఇది తప్పకుండా తెలియాలి.

అంబాసిడర్ నడిపిన తరానికి ఆయిల్ చుక్క గురించి వేరే చెప్పక్కర్లేదు. ఆ కారులో చాలా కాలం వచ్చిన 1489 సిసి బి-సిరీస్ పెట్రోలు ఇంజిన్‌కి క్రాంకు వెనక రబ్బరు పెదవి ఉన్న సీలు లేదు. షాఫ్టు మీద మరలా గాడి కోసి ఉండేది. షాఫ్టు తిరిగేటప్పుడు ఆ గాడి ఆయిల్‌ను వెనక్కి తోడేది. అరిగిపోవడానికి రబ్బరు లేకపోవడం అందులో సుగుణం. లోపల ఒత్తిడి కాస్త పెరిగినా ఆపలేకపోవడం దాని బలహీనత. అలాంటి ఇంజిన్‌కి బ్రీదర్ శుభ్రంగా ఉంచడమే సగం మరమ్మతు.

———

బాక్స్: మూత పరీక్ష

ఇంజిన్ వేడెక్కాక ఐడిలింగ్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత మెల్లగా విప్పి అలాగే ఆనించి ఉంచండి. మూత కొద్దిగా లోపలికి పట్టుకున్నట్టు ఉంటే, లేదా కదలకుండా ఉంటే ఊపిరి సరిగానే ఉంది. మూత ఎగిరెగిరి పడుతూ గుప్పుగుప్పున పొగ వస్తుంటే లోపల ఒత్తిడి ఉంది. మూత బదులు పల్చటి పాలిథీన్ కవరు ముక్క కప్పి చూసినా తెలుస్తుంది: లోపలికి పీల్చుకుంటే మంచిది, బుడగలా ఉబ్బితే కాదు. వదులు బట్టలు, చున్నీలు, చేతులు బెల్టుకీ ఫ్యానుకీ దూరంగా ఉండాలి.

ఒత్తిడి ఉందని తేలితే బ్రీదర్ పైపులు విప్పి, మడ్డి కడిగి, పిసివి వాల్వు ఉన్న బండిలో దాన్ని ఊపి చూడాలి. లోపలి ముక్క టకటకమంటూ కదలాలి. శుభ్రం చేశాక కూడా మూత ఎగురుతుంటే రింగుల దగ్గర వాయువు ఎక్కువగా దిగుతోందని అర్థం, కంప్రెషన్ పరీక్ష చేయించాలి.

———

మూలం ఎలా పట్టుకోవాలి

మురికి ఇంజిన్‌లో లీకు వెతకడం వృథా. మొదట కడగాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, ఎయిర్ ఫిల్టరు మూతి పాలిథీన్‌తో కప్పి, డీగ్రీజరు కొట్టి, బ్రష్షుతో రుద్ది, మెల్లటి నీటి ధారతో కడిగి ఆరనివ్వాలి. వేడి ఇంజిన్ మీద చన్నీళ్లు కొట్టకూడదు.

ఆరాక అనుమానం ఉన్న అంచులన్నిటి మీద మొహానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. కాసేపు బండి నడిపి వచ్చి, ఆపిన వెంటనే చూడండి. తెల్లటి పౌడరు మీద ఆయిల్ నడిచిన దారి నల్లటి గీతలా కనిపిస్తుంది. ఆ గీత వెంట పైకి వెళ్లాలి. తడిసిన చోట్లలో అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందున్న చోటే మూలం. హెడ్డు వెనక భాగం కంటికి అందదు, చేతి అద్దం, టార్చి కావాలి. లీకు మరీ నెమ్మదిగా ఉంటే ఆయిల్‌లో కలిపే మెరుపు రంగు దొరుకుతుంది. రెండు మూడు రోజులు నడిపి, చీకట్లో అతినీలలోహిత టార్చి వేస్తే కారిన దారి పసుపుపచ్చగా వెలుగుతుంది.

ప్రెషర్ స్విచ్ కనెక్టరు ఊడదీసి చూడటం మరచిపోవద్దు. లోపల ఆయిల్ నిండి ఉంటే ఆ స్విచ్ పొర చిరిగిందని అర్థం. తక్కువ ఖర్చులో పోయే ఈ లీకును పెద్ద లీకుగా పొరబడటం మామూలే. టైమింగ్ కవరు కింద నుంచి ఆయిల్ వస్తుంటే కామ్ సీలో క్రాంకు ముందు సీలో పోయినట్టు. ఆయిల్ తడిసిన టైమింగ్ బెల్టును తుడిచి మళ్లీ వాడకూడదు, సీలుతో పాటు అదీ మార్చాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది ఇంజినూ గేర్‌బాక్సూ కలిసే చోటు నుంచి చుక్క పడుతున్నప్పుడు. చాలామంది వెంటనే వెనక సీలు అంటారు. అది మార్చాలంటే గేర్‌బాక్సు దించాలి. సీలు ధర కొన్ని వందలు, దాన్ని చేరడానికి కూలి వేలల్లో. పైనుంచి టాపెట్ కవరు ఆయిల్, డిస్ట్రిబ్యూటర్ ఆయిల్ కూడా సరిగ్గా అక్కడికే దిగుతుంది. గేర్‌బాక్సు సీలు పోయినా అక్కడే పడుతుంది, వాసన చూస్తే తేడా తెలుస్తుంది. పైవన్నీ పొడిగా ఉన్నాయని కళ్లారా చూశాకే గేర్‌బాక్సు బోల్టుల మీద స్పానర్ పెట్టాలి. ఇక కారు కిందికి దూరేటప్పుడు ఉత్త జాకీని నమ్మకూడదు. స్టాండ్లయినా ఉండాలి, గోతి ఉన్న షెడ్డయినా కావాలి.

బిగింపులో ఉంది బాగు

బ్రీదర్ శుభ్రమయ్యాక, పైనుంచి కిందికి ఒక్కొక్కటే బాగుచేస్తూ రావాలి. టాపెట్ కవరు విప్పాక పాత ప్యాకింగ్ ముక్కలన్నీ గీకేసి, రెండు అంచులూ ఆయిల్ తడి లేకుండా తుడవాలి. రేకు కవరైతే బోల్టు రంధ్రాల చుట్టూ లోపలికి వంగిందేమో చదునైన బల్ల మీద పెట్టి చూడాలి. గతంలో ఎవరో అతిగా బిగించిన గుర్తు అది. వంగిన రేకును చదును చెయ్యకుండా ఎంత మంచి ప్యాకింగ్ వేసినా మధ్యలో సందు మిగులుతుంది.

లీకు ఆగలేదని ఇంకాస్త బిగించడం మన షెడ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు. దీనివల్ల మేలు కంటే కీడే ఎక్కువ. రబ్బరు నొక్కితే చిన్నదవదు, పక్కలకి ఉబ్బుతుంది. అతిగా నొక్కితే అంచుల్లోంచి బయటికి తోసుకొచ్చి చిరుగుతుంది. ఛాంబరుకి వాడే చిన్న బోల్టులకు సాధారణంగా పది న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే పది సెంటీమీటర్ల స్పానర్ చివర పది కిలోల బలం. టాపెట్ కవరుకి ఇంకా తక్కువ, చాలా చిన్న ఇంజిన్లలో అందులో సగమే. టార్క్ రెంచ్ ఉన్న మెకానిక్‌ని వెతుక్కోవడం విలువైన పని. విజయవాడ ఆటోనగర్‌లాంటి చోట పాత పెట్రోలు ఇంజిన్ల మీదే చెయ్యి తిరిగినవాళ్లు ఉంటారు, అడిగి తెలుసుకోవాలి.

సిలికాన్ పేస్టు వాడాల్సిన చోట సన్నటి గీతలాగే వెయ్యాలి. అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది. పైన కొన్ని నిమిషాల్లో పొర కట్టినా లోపల పూర్తిగా ఆరడానికి ఒక రోజు పడుతుంది. వేసిన గంటకే ఆయిల్ పోసి స్టార్ట్ చేస్తే పడ్డ శ్రమంతా వృథా. దిట్టంగా పూస్తే ఇంకో ప్రమాదం ఉంది: లోపలి వైపు పొంగిన ముక్కలు ఊడి, ఛాంబరులో పంపు జల్లెడకు అడ్డం పడతాయి. పైకి లీకు ఆగుతుంది, లోపల బేరింగులకు ఆయిల్ అందడం మానేస్తుంది.

ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు బ్లాకుకే అతుక్కుని ఉండిపోయిందేమో వేలితో తడిమి చూడాలి. దాని మీద కొత్త రింగు కూర్చుంటే మొదట అంతా బాగానే ఉంటుంది. రోడ్డు మీద ఒత్తిడి పెరిగిన క్షణంలో రెండూ జారి ఆయిలంతా బయటికి కొడుతుంది. డ్రెయిన్ బోల్టు కింది వాషరు ప్రతిసారీ కొత్తదే వెయ్యాలి.

సీలు బిగించేటప్పుడు అంచుకు కొత్త ఆయిల్ రాయాలి, పొడిగా ఎక్కిస్తే మొదటి చుట్టులోనే మాడుతుంది. షాఫ్టు మీద గోరుతో అడ్డంగా గీసి చూసినప్పుడు గాడి తగిలితే, కొత్త సీలును పాత దాని కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిపి కూర్చోబెట్టాలి, అంచు అరగని లోహం మీద పడుతుంది. గాడి లోతుగా ఉంటే షాఫ్టుకు పల్చటి లోహపు తొడుగు వెయ్యొచ్చు.

సీసా మందులు

లీకు ఆపుతుందని అమ్మే కలుపు మందుల్లో చాలావాటి పని గట్టిపడిన రబ్బరును ఉబ్బించడం. సీలు అంచు గట్టిపడి మాత్రమే ఉంటే అవి కొంత పనిచేస్తాయి. చిరిగిన ప్యాకింగ్‌కీ, గాడిపడిన షాఫ్టుకీ, మూసుకుపోయిన బ్రీదర్‌కీ అవి ఏమీ చెయ్యలేవు. అతిగా పోస్తే రబ్బరు మరీ మెత్తబడి పాడవుతుంది. గేర్‌బాక్సు దించే పనిని కొన్ని నెలలు వాయిదా వెయ్యాల్సి వచ్చినప్పుడు తప్ప నేను వాటిని సిఫారసు చెయ్యను.

సింథటిక్ ఆయిల్ వేస్తే లీకులు మొదలవుతాయన్న మాటకూ ఒక మూలం ఉంది. తొలినాటి కొన్ని సింథటిక్ ఆయిళ్లు సీళ్లను కాస్త కుదించేవి. తర్వాత వాటిలో రబ్బరును ఉబ్బించే ఎస్టర్లు కలిపి ఆ లోపాన్ని సరిచేశారు. ఇప్పటి ఆయిల్‌కి ఆ దోషం అంటగట్టలేం.

ఏది ఆగుతుంది, ఏది ఆగదు

ప్రతి లీకునూ వెంటనే మాన్పాల్సిన పని లేదు. వెనక సీలు నుంచి రోజుకి రెండు చుక్కలు పడుతుంటే, డిప్‌స్టిక్ గీత నెలకి పెద్దగా దిగకపోతే, క్లచ్ ప్లేటు మార్చే రోజు దాకా ఆగడం మంచి నిర్ణయమే. అప్పుడు గేర్‌బాక్సు ఎలాగూ దించుతారు, సీలు ధర తప్ప అదనపు కూలి పెద్దగా పడదు. క్లచ్ జారడం మొదలుపెడితే మాత్రం ఆయిల్ ప్లేటు మీదికి చేరిందేమో అని అనుమానించి ముందే దించాలి.

ఒక్కరోజు కూడా ఆగకూడని లీకు ఎగ్జాస్ట్ మానిఫోల్డు మీద పడేది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మాడిన ఆయిల్ వాసన వచ్చి, బానెట్ సందుల్లోంచి సన్నటి పొగ కనిపిస్తే అదే. ఎత్తైన దారి ఎక్కిన ఇంజిన్‌లో మానిఫోల్డు ఆయిల్ అంటుకునేంత వేడెక్కగలదు, దాని చుట్టూ పెట్రోలు పైపులూ వైర్లూ ఉంటాయి. టైమింగ్ బెల్టు మీద పడేదీ, ఒత్తిడి దారిలోదీ కూడా ఈ జాబితాలోవే.

బాగుచేశాక ఇంజిన్ మళ్లీ శుభ్రంగా తుడిచి, కొన్ని వారాల తర్వాత అదే పౌడరు, అదే అద్దంతో చూడాలి. బ్రీదర్ పైపును ప్రతి ఆయిల్ మార్పులోనూ ఒకసారి విప్పి చూడమని మెకానిక్‌కి చెప్పాలి. బిల్లులో ఎవరూ రాయని ఐదు నిమిషాల పని అది. తీసిన పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. షెడ్డు పక్క మురుగు కాల్వలో కాకుండా డబ్బాలో పట్టించి, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికి పంపే వాళ్లకే అది చేరేలా చూడాలి.